మహమ్మారి రోజుల్లో పెద్దవారికి ఫ్లూ టీకా వేయించడం ఎలా?

కొత్త వ్యాధి ఏదైనా దేశదేశాలకు పాకిన రోజుల్లో, ఇంట్లో వయసు మళ్లినవారు ఉన్నవాళ్లంతా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. బయట ఇంత వ్యాధి ఉండగా 65 ఏళ్లు దాటిన అమ్మనో నాన్ననో ఫ్లూ టీకా కోసం ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చా, లేక ఈ ఏడాదికి ఊరుకోవడమే మేలా అన్నది ఆ ప్రశ్న. ఊరుకోకూడదన్నదే దానికి సమాధానం. కోవిడ్ మొదలైన ఏడాదే, 2020 సెప్టెంబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు టీకాల విషయంలో సలహాలిచ్చే నిపుణుల బృందం ఈ సంగతిని పరిశీలించి, మహమ్మారి కాలంలో ఫ్లూ టీకా అందరికంటే ముందు అందవలసినవారు ఆరోగ్య సిబ్బంది, పెద్ద వయసువారు అని స్పష్టంగా చెప్పింది. ఫ్లూ, కోవిడ్ రెండూ ఎక్కువగా ప్రాణాల మీదికి తెచ్చేది పెద్దవారికే. పైగా ఆసుపత్రులు కిక్కిరిసి ఉన్నప్పుడు ఫ్లూ ముదిరి ఆయాసంతో వచ్చిన మనిషికి మంచం దొరకడమే కష్టమవుతుంది.

ఏటా ఫ్లూ వల్ల, ఊపిరితిత్తులకు సంబంధించిన కారణాలతోనే ప్రపంచంలో 2,90,000 నుంచి 6,50,000 మంది వరకు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది మహమ్మారి లేని సంవత్సరాల లెక్క. కాబట్టి టీకా వేయించాలా వద్దా అన్న చర్చను ఇక్కడితో ఆపి, దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా వేయిస్తే పెద్దవారికి ముప్పు తక్కువగా ఉంటుందో చూద్దాం. ఈ సూచనలు పెద్దవారిని చూసుకునేవారిని ఉద్దేశించి రాసినవి; మీరే ఆ వయసువారైతే మీకు మీరుగా అన్వయించుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏటా వేసే ఫ్లూ టీకా కోవిడ్ నుంచి రక్షించదు, కోవిడ్ టీకా ఫ్లూ నుంచి రక్షించదు. ఒకటి వేయించాం కదా అని రెండోది వదిలేయడానికి లేదు. మహమ్మారి కొత్త రకం ఫ్లూ వైరస్ వల్లనే వచ్చినా ఇదే మాట వర్తిస్తుంది. 2009లో కొత్త హెచ్‌1ఎన్‌1 వైరస్ వచ్చినప్పుడు దానికి వేరుగా టీకా తయారుచేయవలసి వచ్చింది, ఆ తర్వాతి ఏడాది నుంచి ఆ రకాన్ని ఏటా వేసే టీకాలో కలిపారు.

కావలసినవి

ఇంటి నుంచి బయలుదేరడానికి కనీసం రెండు రోజుల ముందే వీటిని ఒకచోట పెట్టుకోండి.

- ఇంతకుముందు వేయించిన టీకాల కాగితాలు, ముఖ్యంగా గత ఫ్లూ టీకా తేదీ, కోవిడ్ టీకా తేదీలు.
- ప్రస్తుతం వాడుతున్న మందుల జాబితా, మోతాదులతో సహా. రక్తాన్ని పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు, కీళ్లవాతానికి వాడే మందులు ఉంటే వాటి కింద గీత గీయండి.
- ఏ మందుకైనా, టీకాకైనా గతంలో ఒళ్లు దద్దుర్లెక్కడం, పెదవులు వాయడం, ఊపిరి అందకపోవడం జరిగి ఉంటే ఆ వివరాలు.
- ముఖానికి సందు లేకుండా అమరే మాస్కు, తడిసినా తెగినా మార్చుకోవడానికి మరొకటి.
- చేతిని భుజం దాకా తేలికగా బయటపెట్టగలిగే వదులైన దుస్తులు.
- జ్వరం చూసే థర్మామీటరు. వీలుంటే వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం.

చివరి వస్తువుల వెనుక ఒక కారణం ఉంది. పెద్దవారి ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువగా ఉంటుంది, అందువల్ల నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉన్నా థర్మామీటరులో పెద్ద అంకె కనిపించకపోవచ్చు. వారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే రెండు మూడు సార్లు ఉష్ణోగ్రత, ఆక్సిజన్ అంకె చూసి ఒక కాగితం మీద రాసి ఉంచండి. టీకా తర్వాత ఏదైనా తేడా వచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి ఆ కాగితం చాలా అక్కరకొస్తుంది.

1. వాయిదా వేయవలసిన కారణం నిజంగా ఉందేమో చూడండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వేయించకూడని స్థితిలో వేయించినవారి కంటే, వేయించదగిన స్థితిలో ఉండి అనవసరంగా వాయిదా వేసుకున్నవారే చాలా ఎక్కువ.

వాయిదా వేయవలసిన సందర్భాలు కొన్నే ఉన్నాయి. మంచం దిగలేనంత జ్వరం గానీ, గట్టి దగ్గూ ఆయాసమూ గానీ ఉంటే తగ్గేదాకా ఆగాలి. కోవిడ్ వంటి మహమ్మారి వ్యాధి సోకినట్టు తేలితే, లక్షణాలు తేలికగా ఉన్నా అసలు లేకపోయినా సరే, విడిగా ఉండవలసిన గడువు ముగిసి మనిషి తేరుకునేదాకా టీకా కేంద్రానికి తీసుకెళ్లకూడదు. వారికి టీకా హాని చేస్తుందని కాదు, అక్కడి సిబ్బందికీ ఇతర పెద్దవారికీ వ్యాధి అంటుకుంటుందనే ఈ జాగ్రత్త. వ్యాధిగ్రస్తుడితో దగ్గరగా మెలిగి పరిశీలనలో ఉన్నవారు కూడా ఆ గడువు ముగిశాకే బయటికి రావాలి. వృద్ధాశ్రమంలో ఉన్నవారికి మాత్రం సిబ్బంది అక్కడికే వచ్చి వేసే ఏర్పాటు ఉంటే అంతకాలం ఆగనక్కరలేదు.

కోవిడ్ నుంచి కోలుకున్న తర్వాత మూడు నెలలు ఏ టీకా వేయించకూడదన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. ఆ విరామం కోవిడ్ టీకా విషయంలో వచ్చిన సూచన. ఫ్లూ టీకాకు అటువంటి నిరీక్షణ లేదు.

కొద్దిగా ముక్కు కారుతున్నా, జ్వరం లేని చిన్నపాటి జలుబు ఉన్నా, యాంటీబయాటిక్ వాడుతున్నా టీకాకు అడ్డు కాదు. కాకపోతే మహమ్మారి రోజుల్లో చిన్న జలుబును కూడా ముందుగా పరీక్ష చేయించి, అది ఆ వ్యాధి కాదని తేలాకే కేంద్రానికి వెళ్లడం ధర్మం. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ టీకా మరింత తప్పనిసరిగా వేయించుకోవలసినవారు. ఈ జబ్బుల పేరు చెప్పి మానుకోవడం పూర్తిగా తలకిందులైన ఆలోచన.

డాక్టరుతో మాట్లాడకుండా వేయించకూడనివారు కొద్దిమంది ఉన్నారు. ఇంతకుముందు ఫ్లూ టీకాకే ప్రాణాపాయమైన అలర్జీ వచ్చినవారు, ఫ్లూ టీకా వేయించుకున్న ఆరు వారాల లోపల గిలాన్ బారీ సిండ్రోమ్ అనే నరాల బలహీనత వచ్చినవారు ఆ కోవలోకి వస్తారు. గుడ్డు పడనివారిని పూర్వం ప్రత్యేకంగా చూసేవారు గానీ, ఇప్పుడు అనేక దేశాల మార్గదర్శకాలు ఆ ఒక్క కారణంతో టీకా ఆపనక్కరలేదని చెబుతున్నాయి. అయినా ఆ సంగతి సిబ్బందికి ముందే చెప్పండి.

హెచ్చరిక: టీకా కోసం రక్తం పలచబరిచే మందులనూ, ఆస్పిరిన్‌నూ, స్టెరాయిడ్లనూ మీ అంతట మీరు ఆపకండి. కీళ్లవాతానికి వాడే మెతోట్రెక్సేట్‌ను టీకా తర్వాత కొద్దికాలం ఆపమని కొందరికి డాక్టర్లు చెబుతారు, అది రోగి పరిస్థితి చూసి వారు తీసుకోవలసిన నిర్ణయం. క్యాన్సర్ చికిత్స నడుస్తున్నవారు ఏ వారంలో వేయించుకోవాలో చికిత్స చేస్తున్న డాక్టరునే అడగాలి.

2. సమయం ఎంచుకోండి

టీకా వేశాక శరీరం రక్షణ సిద్ధం చేసుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రక్షణ కొన్ని నెలల్లో క్రమంగా తగ్గుతుంది, పెద్దవారిలో మరికాస్త త్వరగా తగ్గుతుంది. అందువల్ల మీ ప్రాంతంలో ఫ్లూ ఎక్కువయ్యే కాలానికి మరీ ముందుగానూ, మరీ ఆలస్యంగానూ కాకుండా వేయించాలి. ఉత్తరార్ధగోళపు చలి దేశాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలలు సరైన సమయం. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్, మే నెలల్లో వేస్తారు. ఉష్ణమండల ప్రాంతాల్లో ఫ్లూ ఏడాది పొడవునా ఉంటూ, చాలాచోట్ల వానాకాలంలో పెరుగుతుంది కనుక అక్కడి ఆరోగ్య శాఖ చెప్పే నెలనే పాటించాలి.

సరైన నెల దాటిపోయిందని వదిలేయకండి. ఫ్లూ తిరుగుతున్నంత కాలం ఆలస్యంగా వేయించినా ప్రయోజనం ఉంటుంది. మహమ్మారి తగ్గాక తీరిగ్గా వేయిద్దామనుకునేవారికి ఒక్క మాట: కోవిడ్‌ను మహమ్మారిగా వర్ణించినది 2020 మార్చి 11న, దాని మీద అంతర్జాతీయ అత్యవసర స్థితిని ఎత్తివేసినది 2023 మే 5న. తగ్గేదాకా ఆగుదామనుకున్నవారికి ఈ మధ్యలో ఎన్ని ఫ్లూ కాలాలు గడిచిపోయాయో లెక్క వేసుకోండి.

3. ఏ టీకా దొరుకుతుందో కనుక్కోండి

ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది గనుక ఏ రకాలను టీకాలో చేర్చాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ సూచిస్తుంది. కాబట్టి సీసా మీద ఈ కాలానిదేనని రాసి ఉండాలి. పోయిన ఏడాది మిగిలిన టీకా, గడువు తేదీ దాటకపోయినా, ఈ ఏడాదికి పనికిరాదనే అనుకోండి.

65 ఏళ్లు దాటినవారికి మామూలు టీకాతో పాటు మూడు రకాల మెరుగైన టీకాలు కొన్ని దేశాల్లో దొరుకుతాయి. ఒకటి ఎక్కువ మోతాదు టీకా, ఇందులో వైరస్ ప్రోటీను మామూలు టీకాలో కంటే నాలుగు రెట్లు ఉంటుంది. మరొకటి రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం కలిపినది. మూడోది గుడ్లు వాడకుండా, జన్యు పరిజ్ఞానంతో తయారుచేసినది. 2014లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో సుమారు 32,000 మంది 65 ఏళ్లు దాటినవారిని పరిశీలించగా, ఎక్కువ మోతాదు టీకా వేయించుకున్నవారిలో పరీక్షలో తేలిన ఫ్లూ కేసులు మామూలు టీకా వారికంటే దాదాపు 24 శాతం తక్కువగా కనిపించాయి. అమెరికాలో 2022 నుంచి ఈ వయసువారికి ఈ మూడింటిలో ఒకదానికే ప్రాధాన్యం ఇమ్మని అధికారిక సూచన ఉంది.

ప్రత్యామ్నాయం: ఇవి మీ దగ్గర దొరకకపోతే మామూలు టీకానే వేయించండి. మేలైన రకం ఎప్పుడో వస్తుందని వారాల తరబడి ఎదురుచూడటం వల్ల, అసలు ఏ రక్షణా లేని రోజులు పెరుగుతాయి. ముక్కులో చల్లే టీకా మాత్రం పెద్ద వయసువారికి ఆమోదించినది కాదు, ఎవరైనా సూది నొప్పి ఉండదని చెప్పి ఇవ్వబోయినా ఒప్పుకోకండి.

నాలుగు రకాల వైరస్‌లకు ఉన్న టీకా ఇప్పుడు మూడు రకాలకే వస్తోందేమిటని కొందరు అనుమానపడుతున్నారు. బి వర్గానికి చెందిన యమగాట అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు, అందుకే దాన్ని తీసివేయమని నిపుణులు సూచించారు. మూడు రకాల టీకా నాసిరకమైనదేమీ కాదు.

4. ఫోనులో మాట్లాడాకే బయలుదేరండి

నేరుగా వెళ్లి వరుసలో నిలబడటం మహమ్మారి రోజుల్లో చేయకూడని పని. ముందు ఫోను చేసి టీకా నిల్వ ఉందా, సమయం ముందే కేటాయిస్తారా, జ్వరం రోగులు వచ్చే చోటికీ టీకా వేసే చోటికీ దారులు వేరుగా ఉన్నాయా, కూర్చునే చోట గాలి ఆడుతుందా, కారులో కూర్చోబెట్టే వేస్తారా అన్నవి అడగండి. సమయం ఎంచుకునే వీలుంటే పొద్దున్నే, తలుపులు తెరిచిన మొదటి గంటలో అడగండి, రద్దీ తక్కువగా ఉంటుంది. దగ్గరలోని చిన్న క్లినిక్‌లోనో మందుల దుకాణంలోనో టీకా వేసే అనుమతి ఉంటే పెద్ద ఆసుపత్రి కంటే అదే నయం.

మంచాన ఉన్నవారికీ, నడవలేనివారికీ ఇంటికి వచ్చి వేసే ఏర్పాటు ఉందేమో తప్పక అడగండి. ఉంటే సిబ్బంది వచ్చేసరికి కిటికీలు తెరిచి ఉంచండి, ఆ గదిలో ఒకరికి మించి ఉండకండి, అందరూ మాస్కు పెట్టుకోండి. టీకాను వచ్చే సిబ్బందే చల్లటి పెట్టెలో తేవడం ఉత్తమం. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మీరే కొని ఇంట్లో ఉంచవలసి వస్తే ఫ్రిజ్ మధ్య అరలో, గోడకు తగలకుండా పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన టీకా కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది గానీ పనిచేయదు, దాన్ని పారేయవలసిందే.

5. బయలుదేరే రోజు ఉదయం

ఉష్ణోగ్రత చూడండి. వారి మామూలు అంకె కంటే ఒక డిగ్రీ సెల్సియస్‌కు పైగా ఎక్కువ ఉంటే ఆ రోజుకు ఆపి, కారణం కనుక్కోండి. ఎప్పటిలాగే తినిపించి, వేసుకోవలసిన మందులన్నీ వేసుకోనివ్వండి, ఖాళీ కడుపుతో వెళితే కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ. నొప్పి రాకుండా ఉంటుందని ముందుగానే పారాసిటమాల్ వేయకండి, అవసరమైతే తర్వాత వేసుకోవచ్చు. తోడుగా ఒక్కరే వెళ్లండి, ఆ ఒక్కరికీ జలుబు, దగ్గు, జ్వరం ఉండకూడదు.

6. సూది వేసేటప్పుడు

సీసాను గానీ సిరంజిని గానీ చూపించమని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. పేరులో ఫ్లూ టీకా అని ఉందా, గడువు ఉందా, ఈ కాలానిదేనా చూడండి. న్యుమోనియా టీకా, కోవిడ్ టీకా, ఫ్లూ టీకా ఒకేచోట వేసే కేంద్రాల్లో ఒకటి బదులు మరొకటి వేసే ప్రమాదం ఉంది, కాబట్టి ఏ టీకా కోసం వచ్చారో మీ నోటితో ఒకసారి చెప్పండి.

మనిషి కూర్చుని ఉండాలి, వేసేవారూ కూర్చుని వేస్తే మరీ మంచిది. సూది పడవలసినది భుజం ఎముక కొసకు రెండు మూడు వేళ్ల వెడల్పు కింద, జబ్బ కండ మందంగా ఉన్నచోట. దుస్తుల చేతిని సగం పైకి లాగి మెడ వైపు నుంచి వేస్తే సూది పైకి జరిగి కీలులో దిగవచ్చు, బక్కచిక్కిన పెద్దవారిలో ఇది ఎక్కువ. అందుకే వదులైన దుస్తులు వేయమన్నది.

రొమ్ము శస్త్రచికిత్సలో చంక గ్రంథులు తీసేసినవారికి ఆ వైపు చేతికి వేయించకండి. డయాలిసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి కూడా వద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి సన్నని సూది వాడమనండి, వేశాక రెండు నిమిషాల పాటు దూదితో గట్టిగా అదిమి పట్టండి. రుద్దకూడదు.

ఒకే రోజు కోవిడ్ టీకా కూడా వేయించవచ్చా అన్నది తరచుగా వచ్చే సందేహం. 2021 మొదట్లో రెండిటి మధ్య 14 రోజుల విరామం పాటించమన్నారు, ఆ తర్వాత అనుభవం పెరిగాక ఆ నియమాన్ని సడలించారు, 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒకేసారి వేయవచ్చని చెప్పింది. నా అభిప్రాయంలో మళ్లీ మళ్లీ బయటికి రాలేని పెద్దవారికి ఒక్క ప్రయాణంలోనే రెండూ వేయించడం మంచిది. చెరొక చేతికి వేయించండి, అలా వీలుకాకపోతే ఒకే చేతిమీద కనీసం రెండున్నర సెంటీమీటర్ల దూరం ఉండాలి. రెండూ కలిపి వేయించినప్పుడు ఆ రాత్రి నీరసం, ఒళ్లునొప్పులు కాస్త ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడే వచ్చిన కొత్త మహమ్మారి టీకా అయితే దానికి విరామ నియమం వేరుగా ఉండవచ్చు, కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

7. వేశాక పదిహేను నిమిషాలు అక్కడే ఉండండి

రద్దీ భయంతో వెంటనే బయటికి వచ్చేయాలనిపిస్తుంది గానీ, ఈ కాసేపు ఉండటం తప్పనిసరి. లోపల గాలి ఆడకపోతే ఆరుబయట నీడలో, సిబ్బందికి కనిపించేచోట కూర్చోవచ్చు. పెదవులు, ముఖం వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి బిగపట్టడం, గుండె దడ కనిపిస్తే ఆ క్షణమే పిలవండి. ఇది చాలా అరుదు, వెంటనే చికిత్స చేస్తే తగ్గుతుంది. లేచేటప్పుడు పట్టుకుని లేపండి, కళ్లు తిరిగి పడిపోవడం వల్ల తగిలే దెబ్బే పెద్దవారికి అసలు ప్రమాదం.

8. ఆ తర్వాతి మూడు రోజులు

సూది పడినచోట నొప్పి, కొద్దిపాటి ఎరుపు, వాపు, ఒళ్లునొప్పులు, తలనొప్పి, స్వల్ప జ్వరం రావచ్చు. జ్వరం వచ్చేటట్టయితే సాధారణంగా అదే రోజు మొదలై ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తడి గుడ్డ వేయండి, చేతిని మామూలుగా కదిలించమనండి, అవసరమైతే వారి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి.

మహమ్మారి రోజుల్లో చిక్కంతా ఈ జ్వరంతోనే వస్తుంది. ఇది టీకా జ్వరమా, కొత్తగా వ్యాధి అంటుకుందా అన్నది ఎలా తెలుస్తుంది? దగ్గు, గొంతు నొప్పి, వాసన తెలియకపోవడం, ఆయాసం ఫ్లూ టీకా వల్ల రావు. వీటిలో ఏది కనిపించినా టీకా మీద నెపం పెట్టి కూర్చోకుండా పరీక్ష చేయించండి. జ్వరం ఒక్కటే ఉండి రెండు రోజులు దాటినా, టీకా వేసిన మూడో రోజునో ఆ తర్వాతనో కొత్తగా మొదలైనా పరీక్ష చేయించాలి. ఫలితం తేలేదాకా ఆ పెద్దవారిని వేరే గదిలో ఉంచండి. సూదితో వేసే ఫ్లూ టీకా వల్ల కోవిడ్ పరీక్ష గానీ ఫ్లూ పరీక్ష గానీ తప్పుగా పాజిటివ్ చూపదు, కాబట్టి పాజిటివ్ వస్తే దాన్ని వ్యాధిగానే తీసుకోండి.

భుజం నొప్పి రెండు రోజుల లోపల మొదలై, చేయి పైకెత్తలేకపోవడం వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, సూది కీలుకు తగిలి ఉండవచ్చు.

9. కాగితం సరిచూసుకోండి

టీకా కార్డు మీద పేరు, తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసినవారి సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూడండి. ఇంటికొచ్చాక ఫోటో తీసి ఇంట్లో మరొకరికి కూడా పంపండి. కాగితం లేక గుర్తు లేక ఒకే కాలంలో రెండుసార్లు వేయించుకునే పెద్దవారు ఉన్నారు. దానివల్ల పెద్ద హాని ఉండదు గానీ అవసరమూ లేదు, పెద్దవారికి ఒక ఫ్లూ కాలానికి ఒక్క డోసే చాలు.

తరచుగా జరిగే పొరపాట్లు

టీకా వేయించిన మర్నాటి నుంచే మాస్కు తీసేసి బంధువుల మధ్య తిరగడం మొదటి పొరపాటు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, వచ్చినా అది ఫ్లూకు మాత్రమే.

ఫ్లూ టీకా వల్లే ఫ్లూ వచ్చిందని చెప్పి మరుసటి ఏడాది మానేయడం మరొకటి. సూదితో వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. టీకా వేసే కాలంలోనే రకరకాల జలుబు వైరస్‌లు తిరుగుతుంటాయి, రెండు వారాల లోపల అసలు ఫ్లూయే సోకవచ్చు కూడా.

గత ఏడాది వేయించాం కదా అనుకోవడం పెద్దవారిలో మరీ నష్టం చేస్తుంది, ఎందుకంటే వైరస్ మారుతుంది, రక్షణా తగ్గిపోతుంది. న్యుమోనియా టీకా వేయించి ఫ్లూ టీకా అయిపోయిందనుకోవడం కూడా చాలా ఇళ్లలో జరుగుతుంది. అవి రెండూ వేర్వేరు, పెద్దవారికి రెండూ కావాలి.

పెద్దవారికి వేయించి, వారిని రాత్రింబగళ్లు చూసుకునేవారు వేయించుకోకపోవడాన్ని నేను అన్నిటికంటే బాధాకరమైన పొరపాటుగా భావిస్తాను. వయసు పెరిగేకొద్దీ టీకాకు శరీరం స్పందించడం తగ్గుతుంది, ఆ లోటును కొంతైనా పూడ్చగలిగేది చుట్టూ ఉన్నవారి టీకాయే. ఇంట్లో పిల్లలు, పనిలో సాయం చేసేవారు, మీరు, అందరూ అదే నెలలో వేయించుకోండి.

టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవడం ఎలా?

దీనికోసం రక్త పరీక్షలు చేయించనక్కరలేదు. రక్తంలో ప్రతిరక్షకాలు ఎన్ని ఉన్నాయో చూసినంత మాత్రాన ఆ మనిషికి ఫ్లూ వస్తుందో రాదో చెప్పలేం. నొప్పీ జ్వరమూ రాలేదు కనుక టీకా పట్టలేదనుకోవడమూ తప్పే. మీరు సరిచూడగలిగినవి నాలుగే: సరైన కాలపు టీకా పడిందా, చల్లగా నిల్వ ఉంచినదేనా, సరైన చోట పడిందా, రెండు వారాలు గడిచాయా.

టీకాలోని రకాలు, బయట తిరుగుతున్న రకాలు బాగా సరిపోయిన కాలాల్లో కూడా అన్ని వయసులవారినీ కలిపి చూస్తే ఫ్లూ వచ్చే అవకాశం 40 నుంచి 60 శాతం వరకే తగ్గుతుంది, పెద్దవారిలో ఇంకా తక్కువ. అయినా వేయించుకున్నవారిలో వ్యాధి ముదిరి ఆసుపత్రి పాలు కావడం తగ్గుతుంది, పెద్ద వయసులో మనం కోరేది ముఖ్యంగా అదే.

టీకా వేయించినా అనారోగ్యం వస్తే

పెద్దవారిలో ఫ్లూ గానీ కోవిడ్ గానీ జ్వరంతోనే మొదలవ్వాలని లేదు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, మగతగా పడుకోవడం, తిండి మానేయడం, నడుస్తూ తూలి పడటం మొదటి గుర్తులు కావచ్చు. ఇవి కనిపిస్తే మీరు రాసి ఉంచిన కాగితంతో ఉష్ణోగ్రత, ఆక్సిజన్ పోల్చి చూడండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో వారి మామూలు అంకె కంటే తగ్గినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లక్షణాలు చూసి ఇది ఫ్లూ, ఇది కోవిడ్ అని డాక్టర్లు కూడా తేల్చలేరు, అందువల్ల రెండిటికీ పరీక్ష అడగండి. ఫ్లూ అయితే ఒసెల్టమివిర్ వంటి మందు లక్షణాలు మొదలైన 48 గంటల లోపల ఇస్తే ఎక్కువ మేలు చేస్తుంది. పెద్దవారి విషయంలో పరీక్ష ఫలితం ఆలస్యమయ్యేటట్టుంటే దానికోసం ఆగకుండా మందు మొదలుపెట్టడం గురించి డాక్టరును అడగండి. టీకా వేయించాం కదా, ఫ్లూ అయి ఉండదులే అని ఆ రెండు రోజులూ ఇంట్లోనే గడిపేయకండి. లక్షణాలు ఏ రోజు, ఏ పూట మొదలయ్యాయో, టీకా ఏ తేదీన వేశారో రెండూ డాక్టరుకు చెప్పండి.